కోడె చెవుల చెప్పిన మాట

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినంక. ముసలితనంల నేర్చిన చదువాయె, పుస్తకాలకంటె ముందు గోడలు చదివిన. నిజామాబాద్ బస్టాండు నుంచి గంజ్ దిక్కు పోతుంటే ఎడమచేతికి ఒక పొడుగు గోడ ఉంటది. మొన్న దాని మీది ఎర్రక్షరాలను నిలబడి ఒక్కొక్కటే కూడబలుక్కున్న. పో...యి...న తా...క...త్ తి...రి...గి తె...స్తం. అంత కలిపి చదివినంక నవ్వొచ్చింది. ముసలోడు గోడను చూసి నవ్వుతుండని ఒక రిక్షా పిలగాడు ఆగిండు.

"ఏం తాతా, మందు కావాల్నా?"

"వద్దు బిడ్డా. ఈ ముచ్చట తెలిసినాయన ఒకాయన ఉండె. మతికొచ్చిండు."

ఆయన పేరు రాయను. ఎందుకు రాయనో ఆఖరుకు మీకే తెలుస్తది. మేమందరం కాక అని పిలుస్తుంటిమి, నేను గూడ గట్లనే రాస్త.

కాక పని కోడెలను ఎద్దులు చేసుడు. పట్నంల పుట్టినోళ్లకు సమజ్ గాదు గనుక విప్పి చెప్త. కోడె నాగలికి వంగదు. పక్కదాన్ని పొడుస్తది, ఆవు వాసన తగిలిందంటే కాడి ఇరుగగొట్టుకొని ఉరుకుతది. అందుకని దాన్ని పడేసి, కాళ్లు కట్టి, విత్తుల మీది నరాన్ని రెండు కట్టెల నడుమ పట్టి కొయ్య సుత్తెతోని కొడ్తరు. లోపల నరం నలుగుతది, మీద తోలు తెగది. ఇగ ఆనాటి నుంచి అది ఎద్దు. మా దిక్కు దీన్ని కొట్టుడు అంటరు. ఇప్పుడు పశువుల దవాఖానల ఇనుప పట్టకారు ఉన్నది, నిమిషం పని. అప్పుడు కాక చెయ్యి ఉండె.

నైజాం రోజులు అవి. మా ఊరు రుద్రూర్ పక్కన. కాల్వ నీళ్లొచ్చి మూడు నాలుగేండ్లు అయింది, జొన్న చేన్లన్ని చెరుకు తోటలైనయ్. బోధన్ల షక్కర్ ఫ్యాక్టరీ పడ్తదట అని జనం చెప్పుకునుడే గని ఇంక పడలే. ఊరూర బెల్లం గానుగలు. గానుగ తిప్పాల్నంటే ఎద్దులు, చెరుకు మొయ్యాల్నంటే ఎద్దులు. మంజీర అవతలి దిక్కు నుంచి కాక ఏడాదికి రెండు మాట్ల నడుసుకుంట వస్తుండె. భుజానికి గోనె సంచి. అండ్ల రెండు కట్టెలు, ఒక సుత్తె, ఆముదం బుడ్డి, పసుపు మూట. పసుపు కమ్మర్‌పల్లి దిక్కుదే కావాలె ఆయనకు. వేరే పసుపు ఇస్తే వాసన చూసి, "ఇది కూరల ఏసుకోండ్రి" అని వాపస్ ఇస్తుండె.

మనిషి పొట్టి. మనిషికి మించిన చేతులు. గొంతు మెత్తగ ఉంటుండె, దూరం నుంచి వింటే ఎవలో ఆడామె మాట్లాడుతుందనుకుంటరు. మీసం పెంచలే. ఆ రోజులల్ల మీసం లేకుంట తిరుగుడంటే మామూలు కాదు, అడిగేటోడు అడుగుతనే ఉండె. ఆయన ఊర్ల అడుగు పెట్టంగనే చావడి కాడ ఎవడో ఒకడు అరుస్తుండె, "కాక వస్తుండు, ధోతులు సదురుకోండ్రిరో!" అందరు ఇరుగబడి నవ్వేది. కాక నిలబడి, ఆ నవ్వు అయిపోయేదాక ఓపికగ ఆగి, మెల్లగ అంటుండె.

"మీయి కొట్టేటందుకు నేనెందుకు పటేలా? ఏండ్లున్నయి గద."

అప్పుడు ఇంక జోరుగ నవ్వేటోళ్లం. నాకు ఇరవై ఏడు ఇరవై ఎనిమిది ఉంటయ్. ఏండ్లంటె నాకేం తెల్సు?

ఆయన కొట్టే రోజు చూడాల్సిందే. ముందుగాల కోడె సుట్టు రెండు మాట్ల తిరుగుతడు. మూపురం మీద చెయ్యేసి, చెయ్యిని మెడ దాక జరుపుతడు. ఒక్కొక్కపారి ఆడనే కట్టెలు సంచిల ఏసుకుంటడు. "ఇంకొక్క ఏడాది ఆగుండ్రి. మెడ నిండలే. ఇప్పుడు కొడ్తే మెడ సన్నగనే మిగుల్తది, కాడి ఆనది." పిలిపించినోళ్లు కోపం చేసేది. ఆయన వినేటోడు గాదు. కొట్టినప్పుడు ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ ఏసుడు నా కండ్లతోని చూడలే. దెబ్బకు ముందు వంగి కోడె చెవుల ఏదో చెప్తడు. మంత్రమని ఊరంత నమ్మింది. పని అయినంక దాని నుదురు మీద చెయ్యి పెట్టి శానసేపు కూసుంటడు. లేచి పోతప్పుడు ఇంటోళ్లకు చెప్పే మాట ఒక్కటే. "మూడొద్దులు దీన్ని కోడె అనే పిలువుండ్రి. అప్పుడే ఎద్దనకుండ్రి. మనసుకు పట్టాలె గద దానికి."

పశువుకు మనసేంది అని మేం నవ్వేది. అయితే గూడ మూడొద్దులు కోడె అనే పిలిచేది. ఇప్పటికి మా ఇంట్ల అదే రివాజు.

ఒకపారి మా కోడెకు తల దిక్కు తాడు నేను పట్టిన. ఆయన వంగి చెవుల చెప్తుంటే నాకు వినబడ్డది. మంత్రం గాదు, ఏం గాదు. తల్లి బిడ్డకు చెప్పినట్టే చెప్పిండు. "జర్రంత సేపే బిడ్డా. పని ఉంటది. తిండి ఉంటది. జోడు ఉంటది." అంతే. కొట్టిండు.

కాడికి పక్కపక్కన కట్టే రెండెడ్లను మేం జోడు అంటం. ఒకటి సచ్చిపోతే రెండోది మేత ముట్టది. కోడెకు జోడు ఉండది, అది ఒక్కటే తిరుగుతది. ఎద్దయినంకనే దానికి జోడు. ఈ మాట నేను అప్పుడు ఆలోచన చెయ్యలే. తాడు ఇప్పుకొని పోయిన.

ఇంకొక రోజు. మా ఊర్ల దేవుని పేరు మీద విడిచిన కోడె ఒకటి ఉండె. దాని వయసు రోజులల్ల అది బజార్ల ఉందంటే బండ్లు ఆగేది. మా బాపును ఒకపారి కంచెల ఎత్తేసింది. నేను చెప్తున్న నాటికి అది ముసలిదైంది. మూపురం ఒక దిక్కు వాలింది, మెడ కింది తోలు సంచి లెక్క ఏలాడుతున్నది. కాక, నేను నిలబడి ఉన్నం. ఎదురుంగ ఒక బర్రె వచ్చింది. దేవుని కోడె పక్కకు జరిగి బర్రెకు తొవ్వ ఇచ్చింది.

"దీన్ని ఎవలు కొట్టిండ్రు తమ్మీ?" అని అడిగిండు కాక.

"దీన్నెవలు కొడ్తరు కాకా? దేవుని కోడె."

"మరి గట్లెందుకు అయింది?"

ఆయన అరుగు మీద కూసున్నడు. దాన్నే చూసుకుంట చెప్పిండు. "విత్తులల్ల ఏదో ఊరుతది తమ్మీ, ఊటబాయి లెక్క. గా ఊట రకుతంల కల్సి మెడకు పోతది, మూపురానికి పోతది, గొంతుకు పోతది, కండ్లకు పోతది. గది ఉన్నన్నొద్దులు లోకమంత తనదే అనిపిస్తది దానికి. నేను కొడ్తే ఒక్క దినంల బంద్ అయితది. ఏండ్లు కొడ్తే ఎండకాలం బాయి లెక్క మెల్లగ దిగుతది. గంతే ఫరక్."

"మరి మనిషికో?"

"మనిషికి వేరే బాయి ఉంటదా?"

సదువు లేదు, పట్నం మొఖం చూడలే. కోడెలను ముట్టి ముట్టి తెలుసుకున్న మనిషి. ఈ మధ్య మా డాక్టర్ సాబ్ నా రకుతం తీసి పరీక్ష చేసి, వయసు పోయినా కొద్ది మగోళ్లకు ఒక హార్మోన్ తగ్గుకుంట వస్తది పెద్దాయనా, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, ఒంటికి ఓపిక తగ్గుతది, మనసు గూడ దిగులైతది అని చెప్తుంటే, ఊటనా అని అడిగిన. ఆయన నా మొఖం చూసి, అవును, ఊటనే అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నలభై ఏండ్ల కింద బజార్ల అరుగు మీద కూసొని చెప్పిండు గద ఆయన!

ఆయన చేతి పని అది గనుక, ఆ బాధ ఉన్న మగోళ్లు ఆయన దగ్గరికే పోయేది. అందరి ముందట ధోతులు సదురుకోండ్రని అరిచినోడే, మనుషులు లేని జాగ చూసి గడ్డివాము ఎన్క కాక పక్కన కూసునేది. కాకా, తాకత్ కు నీ దగ్గర ఏమన్న ఉన్నదా? కాక చెయ్యి తిప్పి చూపిస్తుండె. "నా దగ్గర తీసే విద్దెనే ఉన్నది పటేలా. పెట్టే విద్దె లేదు." ఉన్నదని చెప్పి ఏ బూడిద ఇచ్చినా కండ్లకద్దుకొని తినేటోళ్లు. పదేండ్లల్ల ఇల్లు కట్టుకునేటోడు. ఒక్క చిటికెడు ఇయ్యలే. వచ్చినోళ్ల పేర్లు గూడ ఏనాడు బయట పెట్టలే.

ఇగ మా అన్న ముచ్చట.

అన్నకు నాకు ఇరవై ఐదేండ్ల తేడా. నడిమిట్ల పుట్టినోళ్లు దక్కలే. నన్ను కన్నంక అవ్వ ఎక్కువ రోజులు బతకలే, వదినెనే నన్ను సాదింది. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. అన్న ఎట్లాంటోడంటే, గానుగ కాడ కడాయి దించాల్నంటే నలుగురు కావాలె, అన్న ఉంటే ఇద్దరే చాలు. చెరుకు మోపులు రెండు ఒక్కపారే ఎత్తుకొని నవ్వుకుంట నడిచేటోడు. ఊర్ల పందెమైతే అన్న దిక్కే అందరు నిలబడేది.

యాభై రెండు, మూడు ఏండ్లు వచ్చినంక తేడా కనబడ్డది. ఒకనాడు రెండు మోపులు ఎత్తిండు, నడిమిట్ల దించిండు. దించినోడు వాటి మీదనే కూసున్నడు. మేం చూడనట్టు మొఖం తిప్పుకున్నం. అటెన్క ఊకె చెమటలు, ఊకె కోపం. దూడ సచ్చిపోతే ఇంటెన్క నిలబడి ఏడ్చిండు, అన్న ఏడ్సుడు నేను పుట్టినంక చూడలే. ఇంట్ల పండుడు మానేసి తోట కాడ మంచె మీద పండుడు షురూ చేసిండు. ఎందుకని ఎవలూ అడగలే. అడిగే మాట గాదు గద అది.

నిజామాబాద్ పోయి ఒక మందులాయన దగ్గర చిన్న సీసాల ఏదో భస్మం తెచ్చుకున్నడు. వెన్నల పెట్టి మింగాల్నట. నెల తిరగకముందే చిగుళ్లు వాచినయ్, నోరంత పుండ్లు. తాకత్ వచ్చుడు పక్కకు పెట్టు, అంబలి మింగలేకపోయిండు. మనిషి సగమైండు. అంతపాటి ఒళ్లు చెరుకు పిప్పి లెక్క తేలిపోయింది.

అప్పుడు దూరపు సుట్టం ఒకడు వచ్చి అన్న చెవుల ఏసిండు. "నీకు ఇంట్లనే మందు పెట్టిండ్రు."

మా దిక్కు మందు అంటే రెండు తీర్లు. రోగానికి ఏసుకునేది ఒక మందు. పెండ్లాం మొగన్ని చెప్పు కింది తేలు లెక్క పెట్టుకునేటందుకు కూట్ల కలిపి పెడ్తదట, అది ఇంకో మందు. గది తిన్న మగోడు మెత్తబడ్తడని, కమ్‌జోర్ అయితడని, ఏడుస్తడని నమ్ముతరు. అన్నకు అన్నీ సరిపోయినయ్. ఇంట్ల ఎతికిండు. జొన్నల గుమ్మిల ఒక మూట దొరికింది. అండ్ల గోధుమరంగు పొడి, నాలుకకు పెడ్తే చేదు. వదినె దినాం అన్న అంబలిల అది కలుపుడు పని మనిషి చూసిందట.

"ఏందే ఇది?" అన్నడు అన్న.

వదినె తల వంచుకున్నది. "తప్పుది గాదు" అన్నది.

"ఎవలిచ్చిండ్రు?"

చెప్పలే. ఎంత అడిగినా చెప్పలే. చెయ్యెత్తిండు, నేను అడ్డం పోయిన. ముప్పై ఐదేండ్ల సంసారం. కులపెద్దను పిలిచిండ్రు. ఆయన మూట చూసిండు, వదినెను అడిగిండు, ఆమె నోరు ఇప్పలే. పొద్దుగాలనే బండి కట్టి మాక్లూర్ల తల్లిగారింటికి తోలియ్యిమని తీర్పు చెప్పిండు. తోలితే ఇగ వాపస్ వచ్చుడు ఉండది. మందు పెట్టిన ఆడిదాన్ని ఎవలు రానిస్తరు? తల్లిగారింట్ల తమ్ముని పెండ్లాం కూడు పెట్టాలె, అది గూడ ఈమె ఎప్పుడు మందు కలుపుతదో అని భయపడుకుంట పెట్టాలె. పుట్టినూరు, మెట్టినూరు రెండు పోతయ్.

బండి తోలేది నేనే.

తెల్లారి ఎడ్లను కడ్తున్న. వదినె ఒక పెట్టె, ఒక చాప తెచ్చి బండిల పెట్టింది. "తమ్మీ, ఎడ్లకు నీళ్లు చూపించినవా?" అన్నది. అంత బాధల గూడ ఎడ్ల నీళ్లు మరువలే. అన్న గద్దె మీద కూసొని నేల చూస్తుండు. కులపెద్ద, ఇంక పది మంది వాకిట్ల నిలబడ్డరు. ఇసొంటి వాటికి జనం పిలువకున్నా వస్తరు.

కాక అంతకు రెండొద్దుల ముందే మా ఊరొచ్చి పైబజార్ల ఎవలదో కోడెను కొడ్తుండెనట. ఎవలో చెప్పిండ్రట. ఆముదం చేతులతోనే వచ్చిండు. ఆయన నడుసుడే గని ఉరుకుడు మేం ఎన్నడు చూడలే. ఆనాడు ఉరుకొచ్చిండు. బండి ముందటికొచ్చి ఎడ్ల ముక్కుతాడు పట్టుకున్నడు. రెండూ ఆయన కొట్టిన ఎడ్లే. ఆయన వాసన పట్టి మెల్లగ తల దించినయ్.

"గా మూట ఏది?" అన్నడు.

కులపెద్ద దగ్గర ఉన్నది. కాక తీసుకొని, ఇప్పి, పిడికెడు నోట్ల పోసుకున్నడు. అందరు చూస్తుండంగ నమిలిండు. ఇంకో పిడికెడు తీసి కులపెద్ద ముందట పట్టిండు.

"తిను పటేలా. మెంతులు, నువ్వులు. ఏంచి దంచినయ్. చెప్పింది నేనే."

వదినె బండిల కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

"పోయిన నెల పక్కూర్లకు పోతప్పుడు గీ ఇంట్ల నీళ్లు తాగిన. గా అవ్వ తలుపెన్క నిలబడి అడిగింది, కాకా, మా ఇంటాయన అన్నం మింగుతలేడు, నోరు పుండ్లైంది, ఏం చెయ్యాలె అని. గంతే అడిగింది. అంతకు ఎక్కువ మాట ఒక్కటి మాట్లాడలే. సల్ల తాపుమన్న, అంబలిల గిది కలుపుమన్న. సీసాల మందు పారెయ్యిమన్న. దాన్ని పారేసే ధైర్యం ఆమెకు లేకపాయె."

అప్పుడు సమజైంది నాకు. వదినె ఎందుకు నోరిప్పలేదో. ఎవలు చెప్పిండ్రు అంటే కాక పేరు చెప్పాలె. కాక ఏం పని చేస్తడో ఊరికంత ఎరుక. నా మొగని ముచ్చట పోయి పోయి ఆ మనిషితోని మాట్లాడిన అని ఆమె నోటితోని ఎట్ల చెప్తది? అన్న ఇజ్జత్ పోతదని ఆమె పెట్టె సదురుకున్నది.

కులపెద్ద అంత జల్ది దిగిరాలే. "మెంతులైతే మంచిదే. మరి ఇంత మగోడు ఇట్లెందుకైండు? రెండు మోపులు ఎత్తేటోడు కూలబడుడేంది? ఎవలో ఏదో పెట్టకుంటనే అయిందా?"

కాక బజారు దిక్కు చెయ్యి చూపిచ్చిండు. దేవుని కోడె మా గోడ నీడల పండి నెమరేస్తున్నది.

"దాని వయసు రోజులు నీకు ఎరుకే గద పటేలా? బండ్లు పల్టీ కొట్టిచ్చేది. ఇప్పుడు బర్రెకు తొవ్వ ఇస్తున్నది. దానికి ఎవలు మందు పెట్టిండ్రు?" జర్ర ఆగిండు. "దానికి పెండ్లాం గూడ లేకపాయె."

ఎవడో ముందుగాల కిసుక్కుమన్నడు. ఎన్క వాకిలంత పగలబడి నవ్వింది. కులపెద్ద గూడ నవ్వు ఆపుకోలేక మీసం మీద చెయ్యేసుకున్నడు. నాకు గూడ నవ్వొచ్చింది, వదినె బయటపడ్డదని పానం లేచొచ్చింది.

అన్న నవ్వలే. అన్న మొఖం చూసిన, నా నవ్వు ఎండిపోయింది. ఊరంత నవ్వుతున్నది, ఎవలను చూసి? ముసలి కోడె తానే గద. అన్న కండ్లు ఎర్రగైనయ్. లేచిండు. "అయితే నేనే పోత బండిల" అన్నడు. "ఎటన్న పోత. ఇగ గీ ఊర్ల ఏ మొఖం పెట్టుకొని తిరగాలె?"

నవ్వు ఆగిపోయింది. కాకకు అప్పుడు తెలిసింది, తన మాట ఆడిదాన్ని ఇడిపించింది గని మగోన్ని పొడిచిందని. ఆయన మొఖంల ఆ తెలుసుడు నేను చూసిన. ముక్కుతాడు ఇడిచిపెట్టిండు. అన్న దగ్గరికి పోయిండు. పొట్టి మనిషి, అన్న పొడుగు. అన్న రెట్ట పట్టి మెల్లగ గద్దె మీద కూసోబెట్టిండు. వంగిండు. కోడె చెవుల చెప్పినట్టే అన్న చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పిండు.

రెండు మాటలో మూడు మాటలో. అంతకంటె ఎక్కువ సేపు పట్టలే.

అన్న తల తిప్పి ఆయన మొఖం చూసిండు. ఎట్ల చూసిండంటే, చిన్న పోరడు తండ్రి చేతిల ఏదో వస్తువు చూసి, నిజమేనా అన్నట్టు చూస్తడు, గట్ల. కాక తల ఊపిండు. ఆముదం చెయ్యి అన్న నుదురు మీద పెట్టిండు. అన్న కండ్లు మూసుకున్నడు.

కొంచెం సేపైనంక అన్న లేచి బండి దగ్గరికొచ్చిండు. పెట్టె మీద చెయ్యేసి, బండిల నుంచి దించిండు. బరువు పెట్టె. వదినె రెండో దిక్కు పట్టుకున్నది. ఇద్దరు కల్సి లోపటికి మోసిండ్రు. నేను ఎడ్లను ఇప్పిన.

జనం పోయిండ్రు. కాక బాయి కాడ చేతులు కడుక్కుంటుంటే అన్న పోయి నిలబడ్డడు. ఏం చెయ్యాలె ఇగ అని అడిగిండు. కాక చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ యాదికున్నయ్. "సీసా పారెయ్యి. మంచెమీద గాదు, ఇంట్ల పండు, నిద్ర పోయేదాక ఆమెతోని మాట్లాడు. రెండు మోపులు ఎత్తకు, ఒకటి ఎత్తు. గని దినాం ఎత్తు. నీ బాయి ఎండలే పటేలా, నీళ్లు దిగినయ్. నీళ్లు దిగితే బాయి పూడుస్తమా? తాడు పొడుగు చేస్తం."

సీసాను అన్న పెంటకుప్పల పాతిపెట్టిండు. నోరు మానుడు పట్టింది, అన్నం పడుడు పట్టింది, చెరుకు కోతల నాటికి ఒంటి మీద కండ మొలిచింది. మునుపటంత రాలే. అబద్ధం ఎందుకు రాయాలె? వచ్చేది వచ్చింది, రానిది రాలే. కడాయి దించేటప్పుడు నలుగురిల ఒకడుగ నిలబడుడు నేర్చుకున్నడు. అది నేర్చుకునుడు అన్నకు మోపులు ఎత్తుడు కంటె కష్టమైంది. ఇంకా పద్దెనిమిదేండ్లు గానుగ కాడ పాకం చూసిండు. బెల్లం పాకం అన్న చూసినట్టు మా ఊర్ల ఇంకెవలు చూడలే.

కాక అటెన్క ఐదారేండ్లు వచ్చిండు. వచ్చినప్పుడల్ల అన్న ఎదురు పోయి సంచి తీసుకునేది. చావడి కాడ ధోతులు సదురుకోండ్రిరో అని ఎవడన్న అరిస్తే అన్న వాని దిక్కు ఒక్క చూపు చూసేది, వాడు బీడీ ముట్టిచ్చుకునేది. నేను ఒకపారి అడిగిన, కాకా, ఆనాడు అన్న చెవుల ఏం చెప్పినవు? "కోడెకు చెప్పేది ఊరికి చెప్తరా?" అన్నడు. అన్నను అడిగిన. అన్న ఇంకో ముచ్చట ఎత్తుకున్నడు. ఒక ఏడాది కోడెలు మెడలు నిండి తయారుగున్నయ్, కాక రాలే. ఇంకో మాటు రాలే. మంజీర అవతల ఎవలను అడిగినా సక్కగ చెప్పలే. ఇగ ఆయన లేడని గట్లనే తెలుసుకున్నం మేం.

అన్న పోయినంక పన్నెండో దినం నాడు, సుట్టాలందరు పోయినంక, వదినె కొట్టంల ఎద్దు మెడ గోక్కుంట నిలబడ్డది. జోడు ఎద్దు అప్పటికే లేదు, ఒక్కటే ఉండె. నా దిక్కు చూడకుంటనే అన్నది.

"తమ్మీ, గానాడు కాక మీ అన్న చెవుల ఏమన్నడో ఎరుకనా?"

"లేదు వదినె. అన్న చెప్పలే."

"నాకు గా దినమే చెప్పిండు. ఇగ నువ్వు గూడ తెలుసుకో. 'నాకు గూడ ఊట దిగి ఏడేండ్లాయె పటేలా. నా జోడు ఇంట్లనే ఉన్నది.' గంతే అన్నడట."

మీసం లేదని నవ్వించుకున్న మనిషి. ఊరూర మగోళ్లు ధోతులు సదురుకొని ఎక్కిరిచ్చిన మనిషి. అసలే గా పని చేసేటోడు, ఇగ ఈ మాట ఒక్కటి బయటపడ్డదంటే ఏ ఊర్ల తలెత్తుకోనిస్తరు? పన్నెండూర్ల పోరగాండ్లు ఎంట పడి రాళ్లేస్తుండ్రి. అసొంటి మాటను తీసి, అప్పటిదాక తనను చూసి నవ్విన మగోని చెవుల పెట్టిండు. ఎందుకంటే వాడు బండెక్కి పోతనంటుండు. ఆ ఒక్క కారణానికి.

నేను తాకత్ ఉన్న మగోళ్లను శాన మందిని చూసిన. కడాయిలు దించినోళ్లను చూసిన, పందేలు గెలిచినోళ్లను చూసిన. గంత బరువు ఎత్తినోన్ని వేరే చూడలే.

అన్న ఆ మాటను పద్దెనిమిదేండ్లు దాసిండు, జోడుకు తప్ప చెప్పలే. వదినె నాకు చెప్పింది. నేను మీకు చెప్పిన. పేరు మాత్రం నాతోనే పోతది.